ధర్మశాస్త్రకర్త మోషే బెన్ మైమోన్

సంవత్సరాదినాడు పంచాంగశ్రవణానికి కూర్చున్నప్పుడు మనం ఒక సంగతి అంతగా ఆలోచించం. ఊరు విడిచి ఎన్ని తరాలైనా, చుట్టుపక్కల వినిపించే భాష వేరైనా, ఉగాది ఏనాడు చేసుకోవాలన్న విషయంలో బరంపురంలోని తెలుగువారికీ, హోసూరులోని తెలుగువారికీ, షోలాపురంలోని తెలుగువారికీ పేచీ రాదు. ఆ చిన్న పుస్తకం చెప్పిందే మాట. చెదిరి ఉన్న జనాన్ని కలిపి ఉంచే శక్తి పుస్తకానికి ఉన్నదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ సత్యాన్ని మనకంటె గట్టిగా ఎరిగినవారు యూదులు. క్రీ.శ. 70లో యెరూషలేములోని వారి దేవాలయాన్ని రోమనులు కూల్చివేశారు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడేదాకా ఆ గడ్డమీద వారికి మళ్లీ స్థిరమైన సొంత రాజ్యం లేదు. ఆ మధ్యకాలమంతా వారు దేశదేశాల్లో, ఎవరో ఒకరి పాలనలో బతికారు. రాజు లేడు, సైన్యం లేదు, కోట లేదు. ఉన్నవల్లా చేతితో వ్రాసుకొన్న ధర్మశాస్త్ర గ్రంథాలు. అటువంటి గ్రంథాల్లో ఒక మహాగ్రంథాన్ని వ్రాసిన మోషే బెన్ మైమోన్ జీవితాన్ని ఈ సంచిక పాఠకులకు వినిపించాలని మేము అనుకొన్నాము. ఐరోపావారు ఆయనను మైమొనిడీస్ అంటారు. ఆయన కూడా మనవలెనే పుట్టినచోటికి దూరంగా బతికినవారు కావడం మా ఉత్సాహానికి మరొక కారణం.

ఆయన 1138లో స్పెయిను దేశంలోని కార్డోబా నగరంలో పుట్టారు. తండ్రి మైమోన్ ఆ ఊరి యూదులకు న్యాయాధికారి. ముత్తాతల నాటినుండీ ఆ ఇంట్లో పండితులూ న్యాయాధికారులే. అప్పటి కార్డోబా అరబ్బుల పాలనలో విద్యలకు నిలయం. గొప్ప తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్ కూడా అదే ఊళ్ళో 1126లో పుట్టారు. అక్కడి యూదులు ఇంటా బయటా అరబ్బీ మాట్లాడేవారు. ప్రార్థనకూ శాస్త్రానికీ హీబ్రూ. అరబ్బీ భాషనే హీబ్రూ అక్షరాల్లో వ్రాసుకొనడం వారికి వాడుక. తెలుగు ఉత్తరాన్ని తమిళలిపిలో వ్రాసుకొనే కుటుంబాలను ఎరిగిన మనకు ఇందులో వింత ఏమీ లేదు.

వారి ధర్మశాస్త్రం సంగతి కొంత చెప్పుకొంటేగాని ఈ కథ అర్థం కాదు. దానికి మూలం తోరా అనే అయిదు గ్రంథాలు. వాటిలో 613 విధినిషేధాలు ఉన్నవని సంప్రదాయం. వాటి వివరణ చాలాకాలం గురుముఖంగానే నడిచింది. సుమారు 200వ సంవత్సరంలో దాన్ని ఆరు భాగాలుగా కూర్చారు. అది మిష్నా. మిష్నామీద బాబిలోనియాలోని పండితులు కొన్ని తరాలపాటు చేసిన చర్చలు ఆరవ శతాబ్దం నాటికి తాల్ముదు అనే మహాసముద్రమైనవి. అందులో హీబ్రూతోపాటు అరమాయిక భాష ఎక్కువ. ఒక ప్రశ్న ఒకచోట మొదలై, మరెక్కడో ముగుస్తుంది. కొన్నిచోట్ల ముగియనే ముగియదు. మన స్మృతులకు వ్యాఖ్యానాలూ, వ్యాఖ్యానాలమీద నిబంధనగ్రంథాలూ పుట్టినట్లే అక్కడా పుట్టినవి. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదమూడవ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెనిగించింది ఎందుకు? సంస్కృతం రానివాడికి కూడా ధర్మం తెలియాలని కదా. ఇంచుమించు ఆ అవసరమే యూదులకూ వచ్చింది. పైగా గురుకులాలు చెదిరిపోతున్న కాలమది.

మోషేకు పదేళ్ల ప్రాయంలో, 1148లో, ఆఫ్రికానుండి వచ్చిన అల్మొహద్ పాలకులు కార్డోబాను పట్టుకొన్నారు. అంతకుముందు అరబ్బు రాజుల క్రింద యూదులూ క్రైస్తవులూ పన్ను కట్టి తమ మతంలో ఉండగలిగేవారు. క్రొత్త పాలకులు ఆ ఏర్పాటు తీసివేశారు. మతం మారడమో, దేశం విడవడమో, ప్రాణం వదలుకొనడమో తేల్చుకోమన్నారు. మైమోన్ కుటుంబం ఇల్లు విడిచింది. పన్నెండేళ్లపాటు స్పెయిను దేశంలోనే ఊరూరా తిరిగి, 1160 ప్రాంతంలో సముద్రం దాటి మొరాకోలోని ఫెజ్ నగరం చేరింది. అదీ అల్మొహదుల రాజ్యమే. అక్కడ ఎందరో యూదులు పైకి మతం మారినట్లు నటిస్తూ, తలుపులు మూసుకొని తమ ప్రార్థనలు చేసుకొనేవారు. ఈ కుటుంబం కూడా కొంతకాలం అట్లాగే గడిపిందా లేదా అన్నది చరిత్రకారులు నేటికీ వాదించుకొనే విషయం.

ఆ దినాల్లో ఒక పండితుడు, భయపడి పరమతప్రమాణం పలికినవాడు ఇక యూదుడే కాడనీ, చాటున చేసే ప్రార్థనవల్ల ఫలం లేకపోగా పాపమనీ తీర్పు చెప్పాడు. దానికి సమాధానంగా మోషే పేరున ఒక లేఖ వెలువడింది. బలవంతాన నోటితో అన్న మాటకు మనిషిని వెలివేయరాదనీ, దాగి చేసిన పుణ్యకార్యానికీ ఫలం ఉన్నదనీ, అయితే వీలుచిక్కగానే ఆ దేశం విడిచి స్వేచ్ఛగా ధర్మం పాటించగలిగే చోటికి వెళ్లాలనీ ఆ లేఖ సారాంశం. సుఖంగా కూర్చొని ఇతరులకు కఠినధర్మం చెప్పడం తేలిక. కష్టంలో ఉన్నవాడికి తలుపు మూయకుండా ధర్మం చెప్పడం కష్టం. ఈ గుణం ఆయన తరువాతి వ్రాతలన్నింటిలోనూ కనబడుతుంది.

1165 వసంతకాలంలో తండ్రీ కొడుకులు ఓడ ఎక్కారు. నడిసముద్రంలో పెనుతుఫాను పట్టింది. ప్రాణాలు దక్కితే ఆ దినాన్ని ఏటేటా ఉపవాసంతో గడుపుతానని మోషే మొక్కుకొన్నారు. నెలరోజులకు దగ్గరగా ప్రయాణం చేసి పాలస్తీనా తీరంలోని ఆక్రా రేవులో దిగారు. అప్పుడు ఆ ప్రాంతం ఐరోపానుండి వచ్చిన క్రైస్తవ యోధుల చేతిలో ఉన్నది. యెరూషలేమునూ హెబ్రోనునూ దర్శించారు గాని, అక్కడ బతుకుతెరువు దొరకలేదు. ఈజిప్టుకు వెళ్లి, కైరో ప్రక్కనే ఉన్న పాతపట్నమైన ఫుస్తాత్‌లో కాపురం పెట్టారు. తండ్రి కొద్దికాలానికే కాలం చేశారు.

ఇన్ని ప్రయాణాల మధ్యా ఆయన వ్రాత మానలేదు. ఇరవైమూడవ ఏట మిష్నాకు అరబ్బీలో వ్యాఖ్యానం మొదలుపెట్టి ముప్పైయవ ఏట, 1168లో, ముగించారు. దారిలోనూ, ఓడమీదనూ, వేరే పుస్తకాలు చేతిలో లేనిచోట్లనూ కూడా దానిని వ్రాసినట్లు, తప్పులుంటే మన్నించమన్నట్లు గ్రంథాంతంలో తెలుపుకొన్నారు. ఆశ్చర్యమేమంటే, ఆయన స్వహస్తంతో వ్రాసుకొన్న ఆ ప్రతి చాలాభాగం నేటికీ ఉన్నది. కొన్ని సంపుటాలు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలోనూ, కొన్ని యెరూషలేములోని ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయంలోనూ భద్రంగా ఉన్నవి. ఒక పంక్తి కొట్టివేసి అంచున మరొకటి వ్రాయడం, ముందు అన్నమాటను ఏళ్ల తరువాత మార్చుకొనడం ఆ పుటల్లో కండ్లకు కట్టినట్లు కనబడుతుంది. ధర్మం చెప్పేవాడు తన తప్పును తానే దిద్దుకొన్న వైనం అది.

1168 చివరలో యెరూషలేము రాజు అమాల్రిక్ ఈజిప్టుమీదికి దండెత్తి బిల్బేయిస్ పట్టణాన్ని పట్టుకొన్నాడు. అక్కడి యూదులను చెరపట్టి తీసుకొనిపోయారు. చెరలోనివారిని డబ్బు చెల్లించి విడిపించుకోవాలి. మోషే ఆ ఊరికి వచ్చి మూడు నాలుగేళ్లే అయినా, ఆ పని భుజాన వేసుకొన్నారు. ఊరూరికీ లేఖలు వ్రాసి, నమ్మకస్తులను పంపి చందాలు వసూలు చేయించారు. ఆయన సంతకంతో ఉన్న అటువంటి లేఖ ఇప్పటికీ మిగిలి ఉన్నది. క్రొత్తగా వచ్చిన మనిషి పెద్దమనిషి అయినది పాండిత్యంవల్ల మాత్రమే కాదు, ఇటువంటి సేవవల్ల.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన కథ ఒకటి ఉన్నది. మోషేకు దావీదు అనే తమ్ముడు. అన్న చదువుకూ వ్రాతకూ ఆటంకం రాకుండా ఇల్లు నడిపినది ఆ తమ్ముడే. ఆయన రత్నాల వర్తకుడు. ఒకసారి దావీదు నైలునది మీదుగా కూస్ పట్నం చేరి, అక్కడినుండి బిడారుతో కలవకుండా, ఒక్క తోడుతో ఎడారి దాటి ఎర్రసముద్రపు రేవైన ఐధాబ్‌కు వచ్చాడు. అది తెగింపుపని అయినా ఆయనకే మేలు చేసింది. వెనుక వచ్చిన బిడారును దొంగలు దోచుకొన్నారు. రేవులో నీలిమందు తప్ప కొనదగిన సరుకు కనబడలేదు. ఇంతదూరం వచ్చి వట్టిచేతులతో తిరిగిపోవడమెందుకని, ఓడ ఎక్కి హిందూదేశానికి వెళ్లడానికి నిశ్చయించుకొన్నాడు. ఆ సంగతి అన్నకు ఉత్తరం వ్రాస్తూ, దిగులుపడవద్దనీ, తన భార్యకు ధైర్యం చెప్పమనీ కోరాడు. ఆ ఉత్తరం నేడు కేంబ్రిడ్జిలో ఉన్నది. దావీదు మాత్రం తిరిగి రాలేదు. ఓడ హిందూమహాసముద్రంలో మునిగిపోయింది. ఆయన సొత్తూ, అన్న సొత్తూ, ఇతరులు నమ్మి ఇచ్చిన సొత్తూ ఆయనతోపాటే పోయినవి. భార్యా, చిన్నకూతురూ మిగిలారు.

ఆ కబురు విని మోషే జ్వరంతో, మనోవ్యాధితో ఒక సంవత్సరం మంచం పట్టారు. ఎనిమిదేళ్లు గడిచిన తరువాత కూడా ఆక్రాలోని ఒక మిత్రునికి వ్రాస్తూ, తన చేతులమీద పెరిగిన తమ్ముని చేతివ్రాత ఎక్కడైనా కంటబడితే గుండె తలక్రిందులవుతుందని చెప్పుకొన్నారు. శాస్త్రాధ్యయనమే లేకుంటే ఆ దుఃఖంలో తాను నశించి ఉండేవాడినని ఆయన భావం. దూరదేశానికి సంపాదనకు వెళ్లిన తమ్ముడు ఉత్తరం తప్ప మరేమీ మిగల్చకపోవడం ఎటువంటిదో ప్రవాస కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ కాలంలో ఈజిప్టునుండీ ఏడెనునుండీ మన పడమటి తీరానికి రాకపోకలు మామూలే. ట్యునీషియాలో పుట్టిన అబ్రహాం బెన్ యీజూ అనే యూదు వర్తకుడు 1132నుండి 1149వరకు మంగుళూరులో ఉండి, కంచుసామానులు చేయించే కార్ఖానా నడిపాడు. బొమ్మ అనే స్థానికుడు ఆయనకు నమ్మకమైన మనిషిగా ఏడెనుకు సరుకు తీసుకొనిపోయి, లెక్కలు చెప్పి వచ్చేవాడు. ఆ ఉత్తరాలూ లెక్కలూ కూడా ఫుస్తాత్‌లోనే బయటపడినవి. కర్ణాటకలో ఉంటున్న మన పాఠకులు మంగుళూరు రేవును చూచినప్పుడు ఈ సంగతి తలచుకోవచ్చు.

తమ్ముడు పోయిన తరువాత కుటుంబభారం మోషేమీద పడింది. ధర్మశాస్త్రం చెప్పి దానికి డబ్బు పుచ్చుకొనడం ఆయన నియమానికి విరుద్ధం. శాస్త్రాన్ని కూటికి సాధనం చేసుకోరాదని గట్టిగా వ్రాసినవారాయన. కాబట్టి వైద్యాన్ని వృత్తిగా పెట్టుకొన్నారు. హస్తవాసి మంచిదని పేరు వచ్చింది. సుల్తాను సలాదిన్ మంత్రి అయిన అల్ ఖాదీ అల్ ఫాదిల్ ఆయనను ఆదరించారు. తరువాత సలాదిన్ కుమారుడు అల్ అఫ్దల్ కోసం ఆరోగ్యనియమాలను గూర్చి ఒక గ్రంథం వ్రాసి ఇచ్చారు. ఉబ్బసాన్ని గూర్చీ, విషాలను గూర్చీ కూడా ఆయన వైద్యగ్రంథాలు ఉన్నవి.

ఈ పనులన్నిటి నడుమ పదేళ్లు శ్రమించి, 1178 ప్రాంతంలో ఆయన పూర్తిచేసిన మహాగ్రంథం మిష్నే తోరా. తాల్ముదు సముద్రాన్ని మథించి, వాదాలు విడిచిపెట్టి, తేలిన ధర్మాన్ని మాత్రమే విషయక్రమంలో పేర్చారు. మొత్తం పద్నాలుగు పుస్తకాలు. హీబ్రూలో అక్షరాలే అంకెలుగా పనిచేస్తవి. పద్నాలుగును తెలిపే రెండక్షరాలు కలిపితే చెయ్యి అనే మాట అవుతుంది. అందుచేత ఆ గ్రంథానికి బలమైన చెయ్యి అనే పేరు కూడా వాడుకలోకి వచ్చింది. తక్కిన గ్రంథాలు అరబ్బీలో వ్రాసినా, దీన్ని మాత్రం తేటైన హీబ్రూలో వ్రాశారు. ఫ్రాన్సులోని యూదునికి అరబ్బీ రాదు, యెమెనులోని యూదునికి ఫ్రెంచి రాదు. హీబ్రూ ఇద్దరికీ వచ్చు.

అందులో ఏముందని అడిగితే, బతుకంతా ఉన్నది. దైవభావన, ప్రార్థన, పండుగలు, వివాహం, ఆహారనియమాలు, పొలం, అప్పు, అమ్మకం, నష్టపరిహారం, న్యాయస్థానం, రాజధర్మం అన్నీ ఉన్నవి. రాజ్యం లేని జనానికి రాజధర్మం ఎందుకని ఆయన వదలిపెట్టలేదు. మచ్చుకు రెండు విషయాలు చెబుతాము. ప్రతి ఊళ్ళోనూ పిల్లలకు పంతులు ఉండితీరాలి. 25 మంది పిల్లలకు ఒక పంతులు. ఆపైన 40 మందివరకు ఆయనకు సాయంగా మరొకరు. 40 దాటితే ఇద్దరు పంతుళ్లు. ఎనిమిది వందల ఏండ్ల క్రిందటి లెక్క ఇది. ఇక దానానికి ఎనిమిది మెట్లు. అడుగుమెట్టు మనసులేక ఇచ్చినది. ఇచ్చినవాడెవరో పుచ్చుకొన్నవాడికీ, పుచ్చుకొన్నవాడెవరో ఇచ్చినవాడికీ తెలియనిది రెండవ మెట్టు. అన్నిటికంటె పైమెట్టు, మనిషి పడిపోకముందే పట్టుకొనడం. బదులిచ్చో, వ్యాపారంలో పాలు ఇచ్చో, పని చూపించో, అతడు ఇక ఎవరిముందూ చెయ్యి చాపకుండా చేయడం.

ఉగాది సంచికలో చెప్పదగిన మరొక భాగం కాలగణనం. వారి నెలలు మనవలెనే చంద్రుణ్ణి అనుసరించినవి. వారి పండుగలు మాత్రం ఋతువు తప్పరాదు. అందుకని 19 ఏండ్లలో 7 సార్లు అధికమాసం చేర్చుతారు. మన అధికమాసాల లెక్క కూడా ఇంచుమించు ఇంతే. పూర్వం యెరూషలేములో అమావాస్య వెళ్లిన చంద్రరేఖను చూచిన సాక్షులు వచ్చి చెబితే, ధర్మసభ నెల మొదలైనట్లు చాటించి దూతలను పంపేది. జనం చెదిరిన పిమ్మట లెక్కే శరణ్యమైనది. మోషే ఆ లెక్కను సామాన్యునికి అందేట్లు వ్రాసి, నెలపొడుపు ఏ సాయంత్రం కంటికి కనబడుతుందో కనుక్కొనే కఠినగణితాన్ని కూడా విప్పి చెప్పారు. ఈ గణితం గ్రీకుల పుస్తకాలనుండి వచ్చినదని దాచలేదు. ఋజువుకు నిలిచిన సత్యాన్ని ఎవరు కనిపెట్టినా స్వీకరించవచ్చునన్నది ఆయన మతం.

ఇంత మేలు చేసిన గ్రంథానికి వ్యతిరేకత రాలేదా అంటే, చాలా వచ్చింది. ఏ తీర్పు ఏ పండితునిదో ఆయన చూపలేదు. పైగా తోరా చదివి ఈ గ్రంథం చదివితే మధ్యలో వేరొకటి అక్కరలేదని పీఠికలో చెప్పారు. తాల్ముదు చదువు మూలబడుతుందని పెద్దలు భయపడ్డారు. దక్షిణ ఫ్రాన్సులోని పోస్కియేర్ పండితుడు అబ్రహాం బెన్ దావీదు పదునైన ఆక్షేపణలు వ్రాశారు. చిత్రమేమంటే, తరువాత అచ్చయిన మిష్నే తోరా పుటల్లో ఆ ఆక్షేపణలు కూడా ప్రక్కనే అచ్చవుతూ వచ్చినవి. మూలమూ, ఎదురుమాటా ఒకే పుటలో చదివి విద్యార్థి తేల్చుకొంటాడు. లూనెల్ అనే ఊరి పండితులు 24 ప్రశ్నలు పంపితే మోషే వారిని గౌరవించి సమాధానాలు వ్రాశారు. వారు చూపిన తప్పు నిజమైనచోట ఒప్పుకొన్నారు. ఆధారాలు చూపుతూ వేరొక గ్రంథం వ్రాయాలని కూడా తలచారు గాని తీరిక చిక్కలేదు.

అచ్చుయంత్రం లేని కాలంలో ఒక్క అక్షరం తప్పితే ధర్మమే తప్పుతుంది. వద్దు అన్న మాట జారిపోతే నిషేధం విధి అవుతుంది. అందుచేత లేఖకులు వ్రాసిన ప్రతిని మూలంతో సరిచూడాలి. అట్లా సరిచూచిన ఒక ప్రతిలో, ఇది నా పుస్తకంతో పోల్చి దిద్దబడిందని మోషే స్వయంగా వ్రాసి చేవ్రాలు చేశారు. ఆ ప్రతి తరువాత సిరియాలోని అలెప్పోలో ఉండేది. ఇతర ప్రతులను సరిచూచుకొనడానికే దాన్ని వాడాలని తరువాతివారు షరతు వ్రాసి ఉంచారు. 1670ల్లో అలెప్పోలో క్రైస్తవ పురోహితుడుగా ఉన్న రాబర్ట్ హంటింగ్‌టన్ అనే ఆంగ్లేయుడు దాన్ని సంపాదించాడు. 1693లో ఆయన సేకరణతోపాటు అది ఆక్స్‌ఫర్డు చేరింది. నేటికీ అక్కడే ఉన్నది.

దూరదేశాల యూదులు కష్టం వచ్చినప్పుడు ఆయనకే వ్రాసేవారు. 1172లో యెమెనునుండి ఒక లేఖ వచ్చింది. అక్కడి పాలకుడు మతం మారమని బలవంతపెడుతున్నాడు. మరొకవైపు ఒకడు తానే రక్షకుణ్ణని చెప్పుకొంటూ జనాన్ని భ్రమింపజేస్తున్నాడు. మోషే సులభమైన మాటల్లో, అన్ని ఊళ్లలోనూ చదివి వినిపించమని, పెద్ద ఉత్తరం వ్రాశారు. కష్టం శాశ్వతం కాదనీ, మోసగాణ్ణి నమ్మి ఉన్న ప్రాణాలకు ముప్పు తెచ్చుకోవద్దనీ ధైర్యం చెప్పారు. కృతజ్ఞతతో ఆ దేశంవారు తమ నిత్యప్రార్థనలో ఆయన పేరు చేర్చుకొన్నారని చెబుతారు. ఆయన గ్రంథాన్ని తరతరాలుగా అతిజాగ్రత్తగా నకలు వ్రాసుకొన్నవారిలో యెమెను యూదులు మొదట చెప్పదగినవారు.

ఓబద్యా అనే ఆయన వేరే మతంలో పుట్టి యూదుడైనవాడు. ప్రార్థనలో మా పితరుల దేవుడా అని పలకడానికి పుట్టుకచేత వేరైన తనకు హక్కున్నదా అని అడిగాడు. తప్పక పలకవచ్చుననీ, ఆ విషయంలో అతనికీ ఇతరులకూ ఎట్టి భేదమూ లేదనీ మోషే సమాధానమిచ్చారు. ఒక సమాజంలోకి తరువాత వచ్చినవాడు ఎంతవరకు సొంతవాడన్న ప్రశ్న ఎక్కడికి వెళ్లినా మనకూ ఎదురయ్యేదే. ఆయన ఇచ్చిన తీర్పులో ఉన్న ఔదార్యాన్ని మనం గమనించాలి.

ఆయన మరొక గొప్ప గ్రంథం 1190 ప్రాంతంలో అరబ్బీలో వ్రాసిన తత్త్వగ్రంథం. శాస్త్రానికీ తర్కానికీ మధ్య చిక్కుకొని దారి తోచని శిష్యునికోసం వ్రాసినది. దాన్ని హీబ్రూలోకి మారుస్తున్న సామ్యూల్ ఇబ్న్ తిబ్బోన్ ఫ్రాన్సునుండి వచ్చి కలుస్తానంటే, 1199లో ఆయన తన దినచర్య తెలిపారు. వేకువనే ఫుస్తాత్‌నుండి కైరోకు వెళ్లి రాజగృహంలో రోగులను చూడాలి. మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇల్లు చేరేసరికి వసారా నిండా జనం. ధనికులూ పేదలూ, యూదులూ ఇతరులూ అందరూ ఉంటారు. వారిని వేడుకొని, రోజు మొత్తంలో తినే ఒక్క పూట భోజనం కాస్త తిని, మళ్లీ వైద్యం. రాత్రయ్యేసరికి కూర్చొనే ఓపిక లేక పడుకొనే మందులు చెప్పేవారు. విశ్రాంతిదినాన ఊరివారంతా ఆ వారపు పనులు తేల్చుకొనడానికి వచ్చేవారు. తీరిక ఉన్నవాడే పుస్తకాలు వ్రాస్తాడనుకొనేవారికి ఇదే సమాధానం.

1204 నవంబరు 30న ఇబ్న్ తిబ్బోన్ తన అనువాదం ముగించారు. రెండు వారాలకు, డిసెంబరు 13న, మోషే బెన్ మైమోన్ ఫుస్తాత్‌లో కన్నుమూశారు. ఆయన సమాధి గలిలయ సరస్సు ఒడ్డున ఉన్న తిబెరియాలో ఉన్నదని సంప్రదాయం. నేటికీ యాత్రికులు అక్కడికి వెళుతున్నారు. 1186లో పుట్టిన ఒక్కగానొక్క కొడుకు అబ్రహాం చిన్నవయసులోనే తండ్రిస్థానంలో ఈజిప్టు యూదులకు పెద్ద అయినాడు. ఆ వంశంవారు కొన్ని తరాలపాటు ఆ పదవిలో ఉన్నారు.

ఆయన పోయినా ఆయన గ్రంథాల కష్టాలు పోలేదు. 1230ల్లో ఫ్రాన్సులో కొందరు పండితులు ఆయన తత్త్వగ్రంథాన్నీ, మిష్నే తోరా మొదటి పుస్తకాన్నీ చదవరాదని నిషేధించారు. ఆ పుస్తకాలు మంటలపాలైనవని కూడా చెబుతారు. 1242లో పారిసులో తాల్ముదు వ్రాతప్రతులను బండ్లకొద్దీ తెచ్చి తగులబెట్టారు. అయినా వ్రాసే చేతులు ఆగలేదు. 1295-96లో ఈశాన్య ఫ్రాన్సులో అందమైన బొమ్మలతో వ్రాసిన మిష్నే తోరా ప్రతి నేడు బుడాపెస్టులో ఉన్నది. ఆ ప్రతి వ్రాసిన పదేళ్లకు, 1306లో, ఫ్రాన్సు రాజు యూదులను దేశంనుండి వెళ్లగొట్టాడు. 1471-72లో లిస్బన్‌లో వ్రాసిన మరొక ప్రతి నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అది వ్రాసిన పాతికేళ్లకు పోర్చుగలులోని యూదులను మూకుమ్మడిగా మతం మార్పించారు. వ్రాసినవారికి ఇల్లు దక్కలేదు. పుస్తకం మాత్రం దక్కింది.

ఇక చివరి కథ. దేవుని పేరున్న కాగితాన్ని పారవేయరాదని యూదుల నియమం. ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరంలో ఒక గది ఉండేది. పాతబడిన పుస్తకాలనూ కాగితాలనూ అందులో వేసేవారు. హీబ్రూ అక్షరాలున్నదల్లా పవిత్రమేనన్న భావంతో ఉత్తరాలూ, పద్దులూ, పెండ్లిపత్రాలూ, పిల్లల అక్షరాభ్యాసపు కాగితాలూ కూడా వేశారు. అట్లా వందల ఏండ్లు గడిచినవి. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల సోదరీమణులు ఈజిప్టు పాలస్తీనాల యాత్రలో కొనుక్కొని వచ్చిన కాగితాలను కేంబ్రిడ్జి పండితుడు సోలమన్ షెక్టర్‌కు చూపారు. ఆయన తరువాత కైరోకు వెళ్లి, ఆ గది దుమ్ములో వారాల తరబడి కూర్చొని, సుమారు 1,93,000 తునుకలను కేంబ్రిడ్జికి చేర్చారు. వాటిలోనూ, తక్కినచోట్లకు చేరినవాటిలోనూ మోషే స్వహస్తలిఖితాలు ఎన్నో బయటపడినవి. మిష్నే తోరా చిత్తుప్రతి పుటలు, కొట్టివేతలతో, అంచుల్లో చేర్పులతో ఉన్నవి. అడిగినవారి ప్రశ్న క్రిందనే ఆయన గబగబ వ్రాసిన తీర్పులు ఉన్నవి. దావీదు ఆఖరి ఉత్తరమూ, బెన్ యీజూ మంగుళూరు లెక్కలూ వెలుగు చూచినది ఈ కాగితాలవల్లనే.

ఈ గది సంగతి చదివినప్పుడు మాకు మన ఇండ్లలోని అటకలు జ్ఞాపకం వచ్చినవి. ఉగాదికి ఇల్లు దులుపుతాము. తాతలు ఊరినుండి వచ్చేటప్పుడు తెచ్చుకొన్న పెట్టె ఒకటి ఎక్కడో ఉంటుంది. అందులో పాత పంచాంగాలు, పద్దుపుస్తకాలు, శుభలేఖలు, ఎవరో ఎవరికో వ్రాసిన కార్డులు ఉంటవి. మన పిల్లల్లో కొందరికి ఆ అక్షరాలు చదవడం రాకపోవచ్చు. చెదలు పట్టినవని వాటిని పొయ్యిలో వేసేముందు, ఒక్కసారి విప్పి చదివి, పిల్లలకు చదివి వినిపించి, భద్రపరచవలసినది భద్రపరచవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. నేడు మనకు విలువలేనిదిగా తోచే కాగితంలోనే రేపు ఒక దావీదు ఉత్తరం ఉండవచ్చు.